పాత కాలేజీ స్టేడియం బాగుచేయాలంటే ముందు నీళ్ళ దారి చూడండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పాత కాలేజీ స్టేడియం అనగానే కళ్ళకు కట్టే అమరిక ఒకటుంది. మధ్యలో మైదానం. ఓ పక్క మెట్లుమెట్లుగా కాంక్రీటు గ్యాలరీ, దాని నెత్తిన రేకుల కప్పు. గ్యాలరీ కింద స్టోరు, పీడీ (వ్యాయామ అధ్యాపకుడు) గారి గది, జిమ్ము. వెనక తరగతి గదుల బ్లాకు, ఇంకాస్త అవతల సున్నంతో కట్టిన పాత భవనం. మరమ్మతుకు డబ్బు మంజూరు కాగానే ముందు దిగేవి రంగు డబ్బాలు, నేల టైల్సు. రెండు వానాకాలాలు తిరిగేసరికి గ్యాలరీ అడుగున రంగుతో సహా పెచ్చులు ఊడిపడతాయి. రంగు నాసిరకమని అందరూ తిట్టుకుంటారు. తప్పు రంగుది కాదు, పని వరసది. ముందు నీళ్ళ దారి, ఆ తర్వాత ఇనుము, కాంక్రీటు, కప్పు, మైదానం. రంగు అన్నిటికన్నా చివర.

లెవెల్సు తీయకుండా ఏదీ మొదలుపెట్టొద్దు

ఆటో లెవెల్ (ఎత్తుపల్లాలు కొలిచే పరికరం) పెట్టించి మైదానమంతా 10 మీటర్ల గళ్ళుగా రీడింగులు తీయించండి. అదే షీటులో చుట్టూ ఉన్న ప్రతి భవనం ప్లింత్ (గచ్చు నిలిచే పునాది పీఠం) మట్టం, గ్యాలరీ మొదటి మెట్టు మట్టం, ఉన్న కాలువల అడుగు, చివరికి నీళ్ళు చేరే రోడ్డు కాలువ అడుగు కూడా రావాలి. స్టేడియానికి ఒక ఎస్టిమేటు, తరగతి బ్లాకుకు ఇంకో ఎస్టిమేటు వేసి ఇద్దరు కాంట్రాక్టర్లకు ఇచ్చినప్పుడు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఒకరు వేసిన కాలువ ఇంకొకరి గుమ్మం ముందు తేలుతుంది.

పాత మైదానాల్లో తరచూ బయటపడే సంగతి ఒకటుంది. ఏటా ఆటల పోటీల ముందు నాలుగు ట్రాక్టర్ల గ్రావెల్ తోలించి చదును చేస్తారు. అలా మైదానం పెరుగుతూ పోతుంది, భవనం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. కట్టినప్పుడు నేలకు 45 సెంటీమీటర్లు పైనున్న ప్లింత్ ఇప్పుడు జానెడు కూడా కనపడదు. వానాకాలంలో గ్యాలరీ కింది గదుల్లో గోడ పొడవునా మోకాలెత్తు వరకు చెమ్మ పట్టిందంటే ముందు ఇదే అనుమానించాలి. అలాంటప్పుడు గది గచ్చు ఎత్తు చేయించకండి, తలుపులు కురచవుతాయి, చెమ్మ గోడలోనే ఉండిపోతుంది. బయట మట్టినే తవ్వి, గోడకు కనీసం 3 మీటర్ల మేర నేలను ప్లింత్ కన్నా 30 సెంటీమీటర్లు కిందికి దించండి. ఆ మట్టి గట్టుకో, వేరే పల్లానికో పనికొస్తుంది.

నీళ్ళ లెక్క ఒకసారి వేసి చూడండి. ఎనిమిది లేన్ల 400 మీటర్ల ట్రాకుకు సుమారు 177 మీటర్ల పొడవు, 93 మీటర్ల వెడల్పు స్థలం కావాలి. ఆ స్థలం మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 8 లక్షల లీటర్లకు పైమాటే. 5,000 లీటర్ల ట్యాంకర్లతో తోడితే 160కి పైగా ట్యాంకర్లు. వాయుగుండం పట్టినప్పుడు మన దగ్గర ఇంతకన్నా ఎక్కువ వాన ఒక్క రాత్రిలో పడుతుంది. ఈ నీళ్ళన్నిటికీ బయటికి ఒకే ఒక్క 15 సెంటీమీటర్ల పైపు ఉంటే మైదానం చెరువే.

కాలువలు ట్రాకు లోపలి అంచున ఒకటి, బయటి అంచున ఒకటి కావాలి. వాలు 300కి 1 ఉంటే చాలు, అంటే 100 మీటర్లకు 33 సెంటీమీటర్లు. ప్రతి 15 మీటర్లకు 45 సెంటీమీటర్ల పొడవు వెడల్పులతో పూడికగుంట కట్టి, మూత ఇద్దరు మనుషులు ఎత్తగలిగేంత బరువులోనే చేయించండి. ఎత్తలేని మూతను ఎవరూ తీయరు, తీయని గుంట రెండో ఏడాదికే మట్టితో నిండుతుంది. చివరి చోటు రోడ్డు కాలువ కన్నా పల్లంలో ఉంటే ఎన్ని కాలువలు తవ్వినా నీళ్ళు వెనక్కే తంతాయి. అప్పుడు కాలేజీ స్థలంలోనే ఒక మూల గుంట తవ్వి నీళ్ళు అటు మళ్ళించడం తప్ప దారి లేదు. ఆ నీళ్ళే వేసవిలో గడ్డికి పనికొస్తాయి.

గ్యాలరీని సుత్తితో వినండి

అరకిలో సుత్తి, సుద్దముక్క, టార్చి లైటు తీసుకుని గ్యాలరీ కిందికి వెళ్ళండి. ప్రతి దూలం, ప్రతి స్తంభం, మెట్ల అడుగు భాగం జానెడుకొకచోట తట్టుకుంటూ పోవాలి. గట్టి కాంక్రీటు ఖణేల్‌మంటుంది. లోపల పొర విడిపోయినచోట డొల్లగా డబ్‌మని మోగుతుంది. డొల్ల మోగిన మేరకు సుద్దతో గీత గీసి, పొడవు వెడల్పులు రాసుకోండి. ఊచల వెంబడే గీత గీసినట్టు పోయే పగులు, దాని పక్కన ఎర్రటి మరక కనిపిస్తే లోపల తుప్పు మొదలైనట్టే. ఇనుము తుప్పు పడితే తానున్న చోటుకు రెండు నుంచి ఆరు రెట్లు చోటు అడుగుతుంది. పెచ్చును ఊడదోసేది ఆ ఒత్తిడే.

సముద్రపు గాలి తగిలే మండలాల్లో ఈ తుప్పు తొందరగా వస్తుంది. దగ్గర్లోని ఇంజినీరింగ్ కాలేజీ సివిల్ విభాగాన్ని పిలిచి మూడు పరీక్షలైనా చేయించండి. రీబౌండ్ హేమర్ పైపొర గట్టిదనాన్ని చెబుతుంది. కొత్తగా చెక్కిన చోట ఫినాఫ్తలీన్ చల్లితే, క్షారగుణం మిగిలిన కాంక్రీటు గులాబీ రంగుకు మారుతుంది, రంగు మారని లోతువరకు ఇనుముకు రక్షణ పోయినట్టే. కాంక్రీటు పొడిలో ఉప్పు ఎంతుందో లేబులో చూడాలి. ఉప్పు ఊచలదాకా చేరిన దూలాన్ని పైపై మోర్టారుతో కప్పితే, ఆ అతుకు పక్కనే మళ్ళీ తుప్పు లేస్తుంది. చెడిన కాంక్రీటంతా తీసేయడానికి సిద్ధపడే ఆ దూలాన్ని ముట్టుకోవాలి.

డొల్ల తీయడం, ఊచ చూడటం

మొదటి పని ఊతం. దూలం కింద చెక్కేముందు రెండు వైపులా ప్రాపులు బిగించండి. పైమెట్లు ఎవరూ ఎక్కకుండా తాడు కట్టి, బోర్డు పెట్టండి. తర్వాత సుద్దగీతకు ఆవల 5 సెంటీమీటర్ల వరకు కట్టర్‌తో 10 మిల్లీమీటర్ల లోతు గాడి పెట్టి, లోపలిదంతా చిప్పింగ్ మెషీన్‌తో తీయాలి. అంచు నిలువుగా ఉండాలి. పలచగా, ఈకలా ముగిసిన అతుకు ఎండకు ముందుగా లేచేది అంచు దగ్గరే.

ఊచ సగం కనిపించగానే మేస్త్రీలు ఆపేస్తారు. ఆపనివ్వొద్దు. ఊచ వెనక వేలు దూరేంత, 20 మిల్లీమీటర్ల మేర ఖాళీ రావాలి, లేకపోతే వెనక తుప్పు అలాగే ఉండిపోతుంది. వైర్ బ్రష్‌తో ఇనుము మెరిసేదాకా రుద్దించి, వెర్నియర్‌తో మందం కొలవండి. 12 మిల్లీమీటర్ల ఊచ 10.5కి వచ్చిందంటే, పోయింది ఒకటిన్నర మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. అడ్డుకోత లెక్కలో అది 23 శాతం. ఇంత పోయినచోట పక్కన కొత్త ఊచ కట్టాల్సిందే. మంచి ఊచతో 50 వ్యాసాల అతుకు ఇవ్వండి, 12 మిల్లీమీటర్లదానికి 60 సెంటీమీటర్లు. పాత గ్యాలరీల్లో మెలితిప్పిన టార్ స్టీలు ఎక్కువగా కనబడుతుంది. దానికి వెల్డింగ్ పెట్టకండి, వేడికి బలం కోల్పోతుంది. అతుకుకు చోటు చాలకపోతే రంధ్రం వేసి ఎపాక్సీతో బిగించడం మేలు.

ఊచకు జింక్ ప్రైమర్ వేసి ఆరనివ్వాలి. పాత కాంక్రీటును తడిపి, నీళ్ళు నిలవకుండా తుడిచి, బాండింగ్ కోటు వేయండి. అది జిగటగా ఉండగానే మోర్టారు పడాలి. బాండింగ్ కోటు పొద్దున వేసి, అన్నాలు తిని వచ్చి మోర్టారు పెడితే అతికించాల్సిన ఆ పూతే మధ్యలో జారుడుపొర అవుతుంది. పాలిమర్ మోర్టారు ఒక్కో పొర 10 నుంచి 15 మిల్లీమీటర్లు. లోతు 5 సెంటీమీటర్లు దాటినచోట మోర్టారు కాదు, సెంట్రింగ్ కొట్టి మైక్రో కాంక్రీటు (సందుల్లోకి ధారగా పారే సన్న కాంక్రీటు) పోయాలి. ఏడు రోజులు తడి గోనెలు కప్పి ఉంచండి. మార్చి, ఏప్రిల్ ఎండలో ఒక్కరోజు క్యూరింగ్ తప్పితే జుట్టంత సన్నని పగుళ్ళు వల అల్లినట్టు వస్తాయి.

కొత్తగా పోసే కాంక్రీటు బలం గ్రేడు, కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం, తీరప్రాంతంలో ఎం-30కి తగ్గకూడదు, ఊచ మీద కవరు (ఊచను కప్పే కాంక్రీటు మందం) 45 మిల్లీమీటర్లు. కవరు బ్లాకుల బదులు చిన్న కంకరరాళ్ళు పెట్టే అలవాటును మొదటిరోజే ఆపించండి. నీళ్ళు, ఇసుక రెండూ పరీక్షకు పంపాలి. బోరు నీళ్ళలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటితే ఇనుమున్న కాంక్రీటుకు పనికిరాదు. కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసే మొగలాంటి చోట్ల ఇసుకలో ఉప్పు ఉంటుంది. ఇసుక ఎగువనుంచే తెప్పించండి.

రావి మొక్కలు, మెట్ల లీకేజీ

ఎక్స్‌పాన్షన్ జాయింటులో (ఎండకు సాగడానికి కట్టడంలో వదిలిన సందు) మొలిచిన రావి, మర్రి మొక్కల్ని చేత్తో పీకితే పైకొమ్మే వస్తుంది. వేరు లోపల మిగిలి రెండింతలై లేస్తుంది. కాండాన్ని మొదట్లో కోసి, కోసిన కొద్ది నిమిషాల్లోనే ఆ కోతకు గ్లైఫోసేట్ పూయండి. రెండు మూడు వారాల్లో ఎండుతుంది. అప్పుడు వేరు వెంట చెక్కుకుంటూ పోయి తీసి, ఖాళీని గ్రౌటుతో నింపండి.

గ్యాలరీ కింది గదిలో కారే నీళ్ళు మెట్టు మధ్యలోంచి దిగడం అరుదు. మెట్టు పలక, నిలువు ముఖం కలిసే మూలలోంచి, జాయింటులోంచి దిగుతాయి. ఆ మూలల్లో గాడి తీసి, మోర్టారుతో మూలను గుండ్రంగా పూడ్పించండి. ప్రతి మెట్టూ ముందుకు 100కి 1 వాలు ఉండాలి. ఆపైన పాలిమర్ సిమెంటు పూత రెండు కోట్లు, రెండోది మొదటిదానికి అడ్డంగా. జాయింటులో పాత తారు, మట్టి పూర్తిగా తీసి, నురుగు తాడు దూర్చి, పైన పాలీయురేథేన్ సీలెంట్ నింపాలి. సీలెంట్ లోతు వెడల్పులో సగం ఉంటే చాలు. తాడు లేకుండా అడుగుదాకా నింపితే మూడు వైపులా అంటుకుని, ఎండకు సాగలేక చిరిగిపోతుంది. పని అయ్యాక మెట్ల మీద తడి గోనెలు పరిచి 48 గంటలు నీళ్ళు పెట్టి, కింద గదిలో పొడిసుద్ద రుద్ది చూడండి. చెమ్మ తగిలితే సుద్ద రంగు మారి చెబుతుంది.

ఇంత మరమ్మతు జరిగిన గ్యాలరీని జనంతో పరీక్షించకూడదు. స్ట్రక్చరల్ ఇంజినీరు చెప్పిన స్తంభాల నడుమ, మెట్ల మీద ఇసుక బస్తాలతో లోడు టెస్టు చేయాలి. మనుషుల బరువు చదరపు మీటరుకు 5 కిలోన్యూటన్లు లెక్కకడితే, పరీక్షకు దానికి ఒకటింపావు రెట్లు, సుమారు 640 కిలోలు. అంటే చదరపు మీటరుకు 40 కిలోల బస్తాలు 16. అవి 24 గంటలు ఉంచి, దించాక ఇంకో 24 గంటల్లో వంగినదాంట్లో ముప్పాతికైనా తిరిగి లేవాలి.

కప్పు తుపానుకు నిలవాలి

హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటాయి. ఈ ప్రాంతంలో రేకుల కప్పు వేసేటప్పుడు బరువు కాదు, లేచిపోవడం గురించి ఆలోచించాలి. మన తీరానికి డిజైను గాలివేగం సెకనుకు 50 మీటర్లు. దాన్ని వర్గం చేసి 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు 1,500 న్యూటన్లు, ఉరమరగా 150 కిలోలు. మూడు చదరపు మీటర్ల రేకు మీద 450 కిలోలు పైకి లాగుతాయి, రేకు బరువు చూస్తే 15 కిలోలు కూడా ఉండదు. గ్యాలరీ కప్పుకు ముందువైపు గోడ ఉండదు కాబట్టి గాలి కిందనుంచి తోస్తుంది, పైనుంచి లాగుతుంది. రెండూ కలుస్తాయి. అసలు లెక్క ఇంజినీరు వేయాలి, ఇది కేవలం అంచనా.

అందుకే రేకు మందం కన్నా బిగింపు ముఖ్యం. కప్పు మధ్యలో రేకు ఉబ్బు గట్లలో ఒకటి విడిచి ఒకదానికి స్క్రూ పెట్టినా, నాలుగు అంచుల్లో మీటరున్నర మేర ప్రతి గట్టుకూ పడాలి. తుపానులో రేకు లేవడం అంచునుంచే మొదలవుతుంది. రబ్బరు వాషరు నలిగి పక్కకు పొంగేంత బిగిస్తే చిట్లి కారుతుంది, వదులుగా ఉంటే రేకు కొట్టుకుని రంధ్రం పెద్దదవుతుంది. రేకు పర్లిన్‌కు (రేకును మోసే అడ్డపట్టీ), పర్లిన్ ట్రస్సుకు (కప్పును మోసే ఇనుప చట్రం), ట్రస్సు స్తంభానికి, ఈ గొలుసులో ఏ ఒక్క కొలికి బలహీనమైనా అక్కడే తెగుతుంది. ట్రస్సు పాదం దగ్గర బేస్ ప్లేటు చుట్టూ పక్షుల రెట్ట, ఎండాకులు పేరుకుని ఉంటాయి. అది గీకి చూడండి, బోల్టు మెడ సన్నబడేది సరిగ్గా అక్కడే. పాత ఆస్‌బెస్టాస్ రేకులైతే తడిపి, ముక్కలు చేయకుండా మొత్తంగా దించండి. రంపం పెట్టించకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. పనివాళ్ళకు పీ-100 ఫిల్టరున్న మాస్కు తప్పనిసరి, మామూలు మాస్కు చాలదు.

మైదానం, ట్రాకు

సింథటిక్ ట్రాకు కావాలని అందరికీ ఉంటుంది. మురుగు కాలువలు సరిగా లేని చోట, ఏటా శుభ్రం చేసే మనిషి లేని చోట అది అడుగునుంచి ఉబ్బి లేస్తుంది. అలాంటి కాలేజీకి మంచి మట్టిట్రాకే సరైనదని గట్టిగా చెప్పొచ్చు. 20 సెంటీమీటర్లు తవ్వి అడుగు రోలరుతో తొక్కించి, 10 సెంటీమీటర్లు ఇటుకముక్కలు, దాని మీద 5 సెంటీమీటర్లు సన్న కంకర, పైన 5 సెంటీమీటర్లు జల్లెడపట్టిన ఎర్రమట్టీ ఇటుకపొడీ కలిపి పరవండి. ప్రతి పొరా తడిపి తొక్కించాలి. ట్రాకు లోపలివైపుకు వాలు 100కి 1 మించకూడదు.

కొలతల్లో తప్పు జరిగేది వంపుల దగ్గర. వంపు వ్యాసార్ధం లోపలి గట్టుకు 36.50 మీటర్లు, తిన్నటి భాగం 84.39 మీటర్లు, లేను వెడల్పు 1.22. 400 మీటర్లు వచ్చేది గట్టు మీద కాదు, గట్టుకు 30 సెంటీమీటర్లు బయట కొలిస్తే. పూర్తిగా లేన్లలోనే పరిగెత్తే 400 మీటర్ల పందానికి రెండో లేను స్టాగర్ (మొదటి లేను కన్నా గీతను ముందుకు జరిపే దూరం) 7.04 మీటర్లు, మూడోది 14.70, నాలుగోది 22.37. ఆ తర్వాత లేనుకు 7.67 చొప్పున కలుపుకుంటూ పోతే ఎక్కడా రెండు సెంటీమీటర్లకు మించి తేడా రాదు. వంపు కేంద్రాలు రెండింటిలో ఇనుప గొట్టం పాతి, కాంక్రీటు పోసి, మూత పెట్టి ఉంచండి. ఏటా సున్నం గీతలు గీసేవాళ్ళకు అదే ఆధారం.

లోపలి మైదానానికి గరిక చాలు. జూన్ తొలకరికి కణుపులున్న ముక్కలు 10 సెంటీమీటర్ల ఎడంతో నాటి, మూడు నెలలు ఆటలు ఆపండి. నాటేముందే తుంగ గడ్డల్ని తవ్వి ఏరకపోతే ఆ ఏడాదంతా వాటితోనే సరిపోతుంది.

పక్కనున్న భవనాలు

విజయనగరం మహారాజా కళాశాల 1879 నాటిది. ఆ కాలపు కట్టడాలకు సున్నమే ప్రాణం. పాత సున్నపు గోడకు సిమెంటు ప్లాస్టరు వేస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక, ఇటుకనే పిండిలా రాల్చేస్తుంది. పెచ్చులూడిన సిమెంటంతా తీసి, కనీసం రెండు వారాలు నానిన సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్ళతో 10 మిల్లీమీటర్ల పొరలుగా ప్లాస్టరు చేయించండి. పైన సున్నమే వేయాలి, ఎమల్షన్ కాదు. మద్రాసు టెర్రస్ (దూలాల మీద ఇటుక, సున్నంతో వేసిన) కప్పుంటే టేకు దూలాలు గోడలో దూరే చివర్లను స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. చెద, కుళ్ళు మొదలయ్యేది అక్కడే.

తరగతి బ్లాకుల్లో వాననీటి పైపులు మైదానంలోకి వదిలేసి ఉంటే వాటిని కాలువకు కలపండి. వైరింగుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్చి), ఎర్తింగ్ 5 ఓంల లోపు. ర్యాంపు 12కు 1 కన్నా నిటారుగా ఉంటే చక్రాల కుర్చీ ఎక్కదు. గ్యాలరీ గేట్లు బయటికి తెరుచుకోవాలి, ఆట జరుగుతుండగా తాళం వేయకూడదు.

జిమ్ము విషయంలో ఒక మాట. సిడ్నీలో 2000లో ఒలింపిక్ పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరి ఈ శ్రీకాకుళం బిడ్డే. వెయిట్ లిఫ్టింగ్ నేర్పే గది గ్యాలరీ కింద పెడితే 4 మీటర్ల చదరపు వేదికకు స్తంభాలతో, పాత గచ్చుతో సంబంధం లేకుండా విడి దిమ్మె పోసి, మధ్య ఖాళీలో రబ్బరు దూర్చండి. లేదంటే బార్‌బెల్ పడ్డ ప్రతిసారీ ఆ అదురు కొత్తగా అతికిన మోర్టారును విడదీస్తుంది.

కాలం, కాగితం

సంక్రాంతి వెళ్ళగానే పని మొదలైతే జూన్ లోపు కాంక్రీటు, కప్పు ముగుస్తాయి. అక్టోబరుకు మిగిల్చితే తుపాను భయం ఒకవైపు, విజయనగరంలో పైడితల్లి సిరిమాను రోజుల్లో కూలీలు దొరక్కపోవడం ఇంకోవైపు. ఎస్టిమేటులో "మరమ్మతులు, మొత్తంగా" అని ఒక్క ముక్క రాయనివ్వొద్దు. చెక్కడం చదరపు మీటర్లలో లోతుతో సహా, కొత్త ఊచ కిలోల్లో, మైక్రో కాంక్రీటు ఘనపు మీటర్లలో విడివిడిగా ఉండాలి. చెక్కిన తర్వాత డొల్ల పెరగడం మామూలే, దానికి ముందే ఐటెం ఉంటే పని మధ్యలో ఆగదు. కప్పేముందు ప్రతి ఊచనూ కొలతటేపుతో ఫొటో తీసి పని కొలతల పుస్తకానికి, అంటే ఎం-బుక్‌కు జతచేయించండి. మూసేశాక ఎవరూ చూపించలేరు.

రంగు కొత్త ప్లాస్టరుకు 28 రోజులు నిండాకే. ఆ తర్వాత ఏటా సెప్టెంబరు ఆఖరి వారంలో పూడికగుంటల మూతలు తీయించి, కప్పు అంచు స్క్రూలన్నీ ఒకసారి బిగించి, సుత్తి పట్టుకుని మళ్ళీ గ్యాలరీ కిందికి వెళ్ళండి.